మెస్సీ కంటే ముందు రెండుసార్లు

2025 డిసెంబరు 13 సాయంత్రం మెస్సీ హైదరాబాద్ వచ్చాడు. ఉప్పల్ స్టేడియంలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కూడా బూట్లు వేసుకుని దిగారు. ఆ వారమంతా మన వాట్సాప్ గ్రూపుల్లో అవే వీడియోలు తిరిగాయి. దానికి కొద్ది రోజుల ముందే అమెరికాలో ఇంకో వార్త వచ్చింది. అది మన ఫోన్ల దాకా పెద్దగా రాలేదు. మేజర్ లీగ్ సాకర్‌లో ఏడాదికొక్కరికి ఇచ్చే ఎంవీపీ అవార్డు మెస్సీకి రెండోసారి దక్కింది. వరసగా రెండేళ్ళు గెలిచినవాడు అతనొక్కడే. అయితే మొత్తం మీద రెండుసార్లు గెలిచినవాళ్ళలో మాత్రం మెస్సీ రెండోవాడు. మొదటివాడి పేరు ప్రెకి.

ఎవరీ ప్రెకి అంటారా? ఈ ఎపిసోడ్ అతని గురించే. ఆడియోలో చెప్పినదానికి ఇక్కడ కాస్త చేర్చి రాస్తున్నా. ఫుట్‌బాల్ తెలియనివాళ్ళు కూడా చదవొచ్చు. ఎందుకంటే ఇది ఆట కథ ఎంతో, పరదేశంలో పని చేసుకుని బతికిన ఒక మనిషి ఉద్యోగాల చిట్టా కూడా అంత. అతను ఆడిన జట్లు, ఆడిన లీగులు ఒక్కొక్కటీ మూతపడుతూ వచ్చాయి. అతను పుట్టిన దేశం కూడా మ్యాపులో లేకుండా పోయింది. ఇంత జరిగినా 42 ఏళ్ళ దాకా ఆడాడు, ఆ తర్వాత కోచ్ అయ్యాడు.

అసలు పేరు ప్రెడ్రాగ్ రాడోసావ్లెవిచ్. 1963 జూన్ 24న బెల్‌గ్రేడ్‌లో పుట్టాడు. అది అప్పట్లో యుగోస్లావియా రాజధాని. అక్కడి పెద్ద క్లబ్బు రెడ్ స్టార్‌లో ఉన్నాడుగానీ అందులో పేరు మోసిన ఆటగాడేమీ కాదు. 1985లో బాబ్ మెక్‌నాబ్ అనే ఇంగ్లిష్ కోచ్ యుగోస్లావియా వెళ్ళి, అక్కడ ఇండోర్ ఆటలో ఇతన్ని చూశాడు. మెక్‌నాబ్ ఒకప్పుడు ఆర్సెనల్‌లో ఆడినవాడు. ఆ సమయానికి అమెరికా వాయవ్య మూల వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమా స్టార్స్ అనే ఇండోర్ జట్టుకి కోచ్. అలా 22 ఏళ్ళ కుర్రాడు టకోమాలో దిగాడు.

ఇండోర్ సాకర్ అంటే ఏమిటో చెప్పాలి. మన ఊళ్ళలో ఇప్పుడు బాక్స్ క్రికెట్ ఆడుతున్నారు కదా, చుట్టూ నెట్ కట్టి, పొద్దుపోయాక లైట్లేసుకుని. ఫుట్‌బాల్‌కి అలాంటిదే అనుకోండి. ఐస్ హాకీ ఆడే రింకు మీద కృత్రిమ గడ్డి పరుస్తారు. సుమారు 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. జట్టుకి గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు. చుట్టూ చెక్క గోడ, దాని పైన పారదర్శకమైన అద్దం లాంటి పలక. బంతి గోడకి తగిలితే ఆట ఆగదు. గోడకేసి కొట్టి, ఎదుటివాడి అవతల పక్కనించి మళ్ళీ అందుకోవచ్చు. గోడ కూడా మన జట్టులో ఒక ఆటగాడే అన్నమాట. ఒక్కో భాగం 15 నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. తప్పు చేసినవాడు రెండు నిమిషాలు పక్క పెట్టెలో కూర్చోవాలి. ఒకసారి దిగినవాడు నిమిషమో రెండు నిమిషాలో చచ్చేట్టు పరిగెత్తి బయటికొస్తాడు, ఇంకొకడు దిగుతాడు.

బయట మైదానంలో ఆలోచించుకోడానికి కాస్త సమయం ఉంటుంది. ఇక్కడ ఉండదు. బంతి కాలికి అందేసరికే ఒకడు మీద ఉంటాడు, వెనక గోడ ఉంటుంది. అడుగున్నర స్థలంలో పని జరగాలి. అసలు ఫుట్‌బాల్ వాళ్ళు ఈ ఆటని పిన్‌బాల్ అని వెక్కిరించేవారు. నా మటుకు నాకు ఆ వెక్కిరింపులో చిన్నచూపే కనిపిస్తుంది. ఇరుకు గదిలో నేర్చిన పని చిన్న పని అని మనమూ అనుకుంటుంటాం. ప్రెకి కథలో ఆ మాట నిలబడలేదు.

1978లో మొదలైన మేజర్ ఇండోర్ సాకర్ లీగ్ అప్పట్లో మాంచి ఊపు మీద ఉండేది. ఆటగాళ్ళు పొగల్లోంచి, రంగుల లైట్ల మధ్యలోంచి పరిగెత్తుకొచ్చేవారు. అమెరికాలో బయట మైదానంలో ఆడే పెద్ద లీగు 1984 సీజన్‌తో మూతపడింది. దాంతో ఫుట్‌బాల్ ఆడి జీతం తీసుకోవాలంటే చాలామందికి ఈ గది ఒక్కటే దిక్కయింది. బ్రెజిల్, ఇంగ్లండ్, యుగోస్లావియా, కెనడా, ఎక్కడెక్కడివాళ్ళో అందులో చేరారు.

ప్రెకి కంటే ముందు అదే దేశంనించి వచ్చిన ఒకతని గురించి ఇక్కడ చెప్పుకోవాలి. స్టీవ్ జుంగుల్. హైడుక్ స్ప్లిట్ క్లబ్బులో పెద్ద స్ట్రైకర్. 1978 చివర్లో అమెరికా వచ్చేసి, తిరిగి వెళ్ళకుండా న్యూయార్క్ ఆరోస్ అనే ఇండోర్ జట్టులో చేరిపోయాడు. క్లబ్బు ఊరుకోలేదు, ఫిఫాకి ఫిర్యాదు చేసింది. బయట మైదానంలో ఎక్కడా ఆడకూడదని నిషేధం పడింది. సౌదీలో ఉన్నవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, అతని మీద హురూబ్ పెట్టించారు. కానీ ఇండోర్ లీగు ఫిఫా చేతిలో లేదు. అందుకని గదిలో ఆడుకోనిచ్చారు. ఆ గదిలోనే 423 ఆటల్లో 652 గోల్స్ కొట్టాడు. ఒక్క 1980-81 సీజన్‌లోనే 108 గోల్స్. ఆరుసార్లు ఎంవీపీ అయ్యాడు. ఐరోపాలో మంచి వయసులో ఆడాల్సిన ఏళ్ళు చాలావరకు ఇలా నాలుగు గోడల మధ్య గడిచాయి. రికార్డులు అతనివే, కానీ ఆ రికార్డుల వెనక ఒక కాగితం సమస్య ఉంది. ఆ బాధ మనలో చాలామందికి విడమర్చి చెప్పక్కర్లేదు.

1987 జూన్‌లో టకోమా స్టార్స్ ఫైనల్‌కి వచ్చింది. ఆ జట్టులో 32 ఏళ్ళ జుంగుల్ ఉన్నాడు, 23 ఏళ్ళ ప్రెకి ఉన్నాడు. ఎదురుగా డాలస్ సైడ్‌కిక్స్. డాలస్ వైపు ఉండే మనవాళ్ళకి ఇది తెలిసుండాల్సిన కథ. ఆ జట్టు ప్రాణం తతు అనే బ్రెజిల్ ఆటగాడు. ఆ సీజన్‌లో 73 గోల్స్ కొట్టి ఎంవీపీ అయినవాడు. గోల్ కొట్టిన ప్రతిసారీ ఒంటిమీది జెర్సీ తీసి జనంలోకి విసిరేసేవాడు. ఏడు ఆటల ఫైనల్లో టకోమా 3-1తో ముందుంది. ఇంకొక్కటి గెలిస్తే చాలు. డాలస్ రెండు గెలిచి సమం చేసింది. ఏడో ఆట టకోమా డోమ్‌లో. 21,728 మంది వచ్చారు. చివరి నిమిషాల దాకా టకోమాదే పైచేయి. మార్క్ కార్పున్ అనే డాలస్ ఆటగాడు ఆఖర్లో స్కోరు సమం చేసి, అదనపు సమయంలో తనే గెలుపు గోల్ కూడా కొట్టాడు. 4-3. సొంతూళ్ళో, సొంత జనం ముందు టకోమా కప్పు పోగొట్టుకుంది.

ఈ తతు తర్వాత ఆడుతూనే సైడ్‌కిక్స్‌కి కోచ్ అయ్యాడు. ఆ జట్టు మూతపడి, 2012లో మళ్ళీ తెరిచినప్పుడు ఆలెన్ ఈవెంట్ సెంటర్‌లో అతనే కోచ్‌గా నిలబడ్డాడు. ఆలెన్‌లో ఇళ్ళు కొనుక్కున్న మనవాళ్ళు ఎంతోమంది. ఆ సెంటర్‌కి పిల్లల ప్రోగ్రాములకి వెళ్ళినవాళ్ళూ ఉంటారు. తతు మీద విడిగా ఎపిసోడ్ చెయ్యాలని ఉంది. ఇప్పటికి ప్రెకి దగ్గరికి వెళ్దాం.

1988-89 నాటికి ప్రెకి లీగులో అందరికంటే ఎక్కువ పాయింట్లు తెచ్చిన ఆటగాడు, ఎంవీపీ. అతని ఆయుధం ఒక్కటే, ఎడమ కాలు. కుడివైపునించి వస్తాడు. షాట్ కొట్టబోతున్నట్టు కాలు ఎత్తుతాడు. డిఫెండర్ అడ్డం పడతాడు. అప్పుడు బంతిని ఎడమవైపుకి లాక్కుని కొడతాడు. అంతే. అందరికీ తెలుసు, ఎదుటి కోచ్‌లకీ తెలుసు. బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినా ఆపలేకపోయేవాళ్ళు. ఆ లాగడం ఎంత దగ్గరలో, ఎంత త్వరగా జరిగేదంటే, అది గోడ పక్కన నేర్చినవాడికే వస్తుంది.

1990లో సెయింట్ లూయిస్ స్టార్మ్ జట్టుకి మారాడు. ఇక అక్కణ్ణించి తలుపులు మూసుకోవడం మొదలు. 1992 వేసవిలో లీగే ఎత్తేశారు. దానితో సెయింట్ లూయిస్ జట్టు పోయింది, అతని పాత జట్టు టకోమా కూడా పోయింది. అదే సమయంలో అక్కడ ఇంట్లోనూ మంటలు. 1991లో యుగోస్లావియా ముక్కలవడం మొదలైంది, యుద్ధం వచ్చింది. 1992లో ఐక్యరాజ్య సమితి ఆంక్షలు పెట్టింది, ఐరోపా కప్పుకి అర్హత సాధించిన యుగోస్లావియా జట్టుని టోర్నమెంటు మొదలవకముందే వెనక్కి పంపేశారు. పని పోయింది, వెనక్కి వెళ్దామంటే ఊరు అలా ఉంది. వయసు 29. ఫుట్‌బాల్‌లో 29 అంటే, మన ఐటీ వాళ్ళ లెక్కలో 50.

లేఆఫ్ తర్వాత 60 రోజుల గడువులో ఇంకో ఉద్యోగం వెతుక్కున్నవాళ్ళు, ఆరు నెలల జీతం రాకుండానే కంపెనీ గేటుకి తాళం పడ్డవాళ్ళు ఈ ఎపిసోడ్ వింటున్నారని నాకు తెలుసు. నేను పని చేసిన ఒక కంపెనీ కూడా ఒక శుక్రవారం మధ్యాహ్నం మూసేశారు. అందుకే 1992లో ప్రెకి ఏం చేశాడన్నది నాకు గోల్స్ కంటే ఎక్కువ ఆసక్తి.

అతను ఇంగ్లండ్ వెళ్ళాడు. ఎవర్టన్ క్లబ్బు మేనేజరు హావర్డ్ కెండల్ లక్ష పౌండ్లకి తీసుకున్నాడు. ఫుట్‌బాల్ లెక్కల్లో ఆ రోజుకి కూడా అది చిల్లర. ప్రీమియర్ లీగ్ మొదలైన సంవత్సరమే అది. గదిలో ఏడేళ్ళు ఆడినవాడు పెద్ద మైదానంలో, వానలో, బురదలో, ఇంగ్లిష్ డిఫెండర్ల మధ్య దిగాడు. ఎవర్టన్ తరఫున 46 లీగు ఆటలు, 4 గోల్స్. చాలాసార్లు బెంచీ మీదనించి దిగినవే. తర్వాత పోర్ట్స్‌మత్‌లో ఒక సీజన్. గొప్పగా ఆడాడని ఎవరూ అనరు, నేనూ అనను. మధ్యలో వేసవికి అమెరికా వచ్చి శాన్ హోసే గ్రిజ్లీస్ అనే ఇండోర్ జట్టుకి ఆడేవాడు. అంటే అక్కడ సీజన్ పని, ఇక్కడ సీజన్ పని. ఆ గ్రిజ్లీస్ 1995తో సరి. ఆ లీగు ఇంకో రెండేళ్ళకి మూత.

1996లో అమెరికాలో మేజర్ లీగ్ సాకర్ మొదలైంది. ప్రెకికి 33 నిండబోతున్నాయి. కాన్సస్ సిటీ జట్టులో చేరాడు. అక్కడ కోచ్ రాన్ న్యూమన్. ఈయన పేరు విన్నారా? డాలస్ టోర్నడో జట్టుకి 1971లో కప్పు తెచ్చిన కోచ్ ఆయనే. తర్వాత శాన్ డియేగో సాకర్స్‌తో పది ఇండోర్ టైటిల్స్ గెలిచాడు. అంటే టకోమా రోజుల్లో ప్రెకికి ఎదురు బెంచీలో కూర్చున్న మనిషి. ఇద్దరూ గదిలో పండినవాళ్ళే. మొదటి సీజన్‌లో ప్రెకి 18 గోల్స్ కొట్టాడు. రెండో ఏడు, 1997లో, లీగులోనే ఎక్కువ పాయింట్లు తెచ్చి ఎంవీపీ అయ్యాడు. అప్పట్లో గోల్‌కి రెండు పాయింట్లు, గోల్ చేయించిన పాస్‌కి ఒకటి. అతని లెక్క 41.

ఈ మధ్యలోనే ఇంకో ముఖ్యమైన పని జరిగింది. 1996 అక్టోబరులో అమెరికా పౌరసత్వం వచ్చింది, వచ్చిన దేశంలో అడుగుపెట్టిన 11 ఏళ్ళకి. మన గ్రీన్ కార్డు క్యూ లెక్క వేరు, దాని జోలికి ఇప్పుడు పోను. రెండు వారాలు తిరక్కుండా అమెరికా జెర్సీ వేసుకుని గ్వాటెమాలా మీద ఆడాడు. యుగోస్లావియా పెద్ద జట్టు అతన్ని ఎప్పుడూ పిలవలేదు కాబట్టి అడ్డు లేకపోయింది.

1998 ఫిబ్రవరి 10, లాస్ ఏంజెలెస్. గోల్డ్ కప్ సెమీఫైనల్. ఎదురుగా బ్రెజిల్, రొమారియో సహా. అమెరికా అప్పటిదాకా బ్రెజిల్‌ని ఒక్కసారి కూడా ఓడించలేదు. రొమారియో కొట్టినవన్నీ గోల్‌కీపర్ కేసీ కెల్లర్ ఆపుకుంటూ వచ్చాడు. రెండో సగంలో ప్రెకి బెంచీ మీదనించి దిగాడు. 65వ నిమిషంలో పెనాల్టీ బాక్స్ బయట బంతి అందింది. లోపలికి లాక్కున్నాడు, ఎడమ కాలితో కొట్టాడు. 1-0. ఆట అక్కడే తేలింది. పదమూడేళ్ళుగా చేస్తున్న అదే పని, ఈసారి బ్రెజిల్ మీద.

ఆ జూన్‌లో ఫ్రాన్స్‌లో ప్రపంచ కప్. డ్రాలో అమెరికా, యుగోస్లావియా ఒకే గ్రూపులో పడ్డాయి. ప్రెకి అమెరికా జట్టులో ఉన్నాడు. పాత దేశంలో మిగిలిన ముక్క ఆ పేరుతోనే ఆడుతోంది. జూన్ 25న నాంత్ నగరంలో యుగోస్లావియా 1-0తో గెలిచింది. అమెరికా మూడు ఆటలూ ఓడి ఇంటికొచ్చింది. పుట్టిన దేశం ఎదురుగా నిలబడ్డ రోజు మనిషికి ఎలా ఉంటుందో నేను ఊహించి రాయలేను. ఇండియా-అమెరికా క్రికెట్ ఆట న్యూయార్క్‌లో జరిగినప్పుడు మన ఇళ్ళల్లో పిల్లలు ఒకవైపు, పెద్దలు ఒకవైపు కూర్చున్న సంగతి మాత్రం గుర్తొస్తుంది.

2000లో కాన్సస్ సిటీ కప్పు గెలిచింది. 2001లో మయామీ ఫ్యూజన్‌కి వెళ్ళాడు. ఆ జట్టు ఆ ఏడాది లీగు పట్టికలో అందరికంటే పైన నిలిచింది. కొన్ని నెలలకే, 2002 జనవరిలో, డబ్బులు రావడం లేదని లీగు వాళ్ళు ఆ జట్టుని మూసేశారు. పట్టికలో మొదటి స్థానంలో ఉన్న జట్టుని. ప్రెకి మళ్ళీ కాన్సస్ సిటీ చేరాడు. 38 దాటాయి. ఇక ఇంతే అనుకున్నారు చాలామంది.

2003లో 40 ఏళ్ళ ప్రెకి లీగులో మళ్ళీ అందరికంటే ఎక్కువ పాయింట్లు తెచ్చాడు. 12 గోల్స్, 17 గోల్ పాస్‌లు. పాయింట్లు ఎన్ని? 41. ఆరేళ్ళ కింద ఎంతో, అంతే. రెండోసారి ఎంవీపీ. ఆ వయసులో ఆ అవార్డు తీసుకున్నవాడు అతని ముందు లేడు. మరుసటి ఏడు సీజన్ ముందే కాలు దెబ్బతిని నెలలు పోయాయి. తిరిగొచ్చి 2005 దాకా ఆడి మానేశాడు. ఆ లీగులో మొత్తం 79 గోల్స్, 112 పాస్‌లు.

కోచ్‌గా అతని లెక్క ఇంత నున్నగా లేదు, అందుకే నాకు నచ్చుతుంది. 2006లో లాస్ ఏంజెలెస్ శివారులోని చివాస్ యూఎస్ఏలో బాబ్ బ్రాడ్లీకి సహాయకుడు. బ్రాడ్లీ జాతీయ జట్టుకి వెళ్ళగానే ఆ కుర్చీ ఇతనికి వచ్చింది. మొదటి సీజన్‌లోనే జట్టు వెస్ట్‌లో పైన నిలిచింది, 2007 ఉత్తమ కోచ్ అవార్డు ప్రెకికి. 2009 చివర్లో బయటికొచ్చాడు. ఆ జట్టు 2014లో మూతపడింది, ఈ లెక్కలో అదొకటి. తర్వాత టొరంటో. అక్కడ జనరల్ మేనేజర్ మో జాన్‌స్టన్, కాన్సస్ సిటీలో ఏళ్ళ తరబడి పక్కన ఆడిన స్నేహితుడు. 2010 సెప్టెంబరులో ఒకే రోజు ఇద్దరినీ తీసేశారు. తెలిసినవాడి రెఫరల్ మీద ఉద్యోగంలో చేరితే ఉండే ఇబ్బంది మీకు తెలిసిందే, పడితే ఇద్దరూ కలిసి పడతారు.

పెద్ద లీగులో కోచ్‌గా ఉన్నవాడు ఆ తర్వాత మెట్టు దిగి కింది లీగులో ఇంకా పుట్టని జట్టు ఒప్పుకున్నాడు. శాక్రమెంటో రిపబ్లిక్. 2014 వాళ్ళ మొదటి సీజన్. సొంతూళ్ళో మొదటి ఆటకి 20 వేలకు పైగా జనం. ఆ సెప్టెంబరులో ఫైనల్ 2-0తో గెలిచి మొదటి ఏడాదే కప్పు తెచ్చారు. కోచ్‌గా అతని పనిలో నేను దీన్నే పైన పెడతా. చివాస్‌లో ఇంకొకరు కట్టిన ఇంట్లోకి వెళ్ళాడు, ఇక్కడ పునాది తనే తవ్వాడు. తర్వాత సెయింట్ లూయిస్ ఎఫ్‌సీ. అదీ 2020లో పోయింది.

2018లో సియాటిల్ సౌండర్స్‌లో సహాయ కోచ్‌గా చేరాడు. ఒకప్పుడు ఉత్తమ కోచ్ అవార్డు తీసుకున్నవాడు ఇంకొకరి కింద. హెడ్ కోచ్ బ్రయన్ ష్మెట్జర్. ఈయన సియాటిల్‌లోనే పుట్టినవాడు, 1988నించి 1990 దాకా టకోమా స్టార్స్‌లో ప్రెకితో కలిసి ఆడినవాడు. ముప్పై ఏళ్ళ కింద ఒకే పెట్టెలో చెమటోడ్చిన ఇద్దరు ఇప్పుడు ఒకే బెంచీ మీద. 2019లో సౌండర్స్ లీగు కప్పు గెలిచింది. 2022 మేలో మెక్సికో క్లబ్బు పూమాస్‌ని 3-0తో ఓడించి కాంకకాఫ్ చాంపియన్స్ లీగ్ తెచ్చుకుంది. మేజర్ లీగ్ సాకర్ మొదలయ్యాక ఆ కప్పు తెచ్చిన మొదటి అమెరికా క్లబ్బు కాదుగానీ, టోర్నమెంటు పద్ధతి మారి చాంపియన్స్ లీగ్ పేరు పెట్టాక మాత్రం మొదటిది. ఆ ఆట జరిగిన మైదానంనించి టకోమా డోమ్ ముప్పై మైళ్ళకి కాస్త అటూ ఇటూ.

చివరగా ఒక సంగతి, టెక్సస్‌లో ఉన్నవాళ్ళకి. అమెరికా నేషనల్ సాకర్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి 2010లో ప్రెకిని ఎన్నుకున్నారు. ఆ హాల్ 2018నించి ఫ్రిస్కోలో, టయోటా స్టేడియం కట్టడంలోనే ఉంది. మన ఇండియన్ సరుకుల కొట్లకి కారులో పది, పదిహేను నిమిషాల దూరం. పిల్లలకి సాకర్ క్లాసులున్న శనివారం ఎలాగూ అటే వెళ్తారు కదా. లోపలికి వెళ్ళి పేర్లు చూడండి. మెస్సీ పేరు ఇంకా అక్కడ ఉండదు. ప్రెకి పేరు ఉంటుంది.